అటకెక్కిన రాతల్ని కిందికి దించండి

ఇన్వర్‌కార్గిల్‌లో డీ స్ట్రీట్ మీద ఒక హార్డ్‌వేర్ దుకాణం ఉంది. పేరు ఈ. హేస్ అండ్ సన్స్. న్యూజిలాండ్ దక్షిణపు కొసన, మేం ఉంటున్న ఈ ఊరికి వచ్చినవాళ్లు సుత్తితో పనిలేకపోయినా ఆ దుకాణంలోకి ఒకసారి తొంగిచూస్తారు. మేకుల అరలు, రంగు డబ్బాలు, తోటపని సామాన్ల మధ్య పాత మోటార్‌సైకిళ్లు నిలబెట్టి ఉంటాయి. వాటిలో అందరూ వెతుక్కుంటూ వెళ్లేది ఒకే బండి కోసం. బర్ట్ మన్రో తోలిన ఇండియన్ స్కౌట్ అది. పేరు చూసి మన దేశానిదే కాబోలని మురిసిపోకండి, ఇండియన్ అనేది అమెరికా కంపెనీ.

మన్రో 1899లో ఈ ఊళ్లోనే పుట్టాడు. 1920లో, ఇరవయ్యొక్కేళ్లప్పుడు ఆ బండి కొన్నాడు. 600 సీసీ ఇంజను, గట్టిగా తోలితే గంటకు 55 మైళ్లు. పాతబడ్డాక అమ్మేసి కొత్తది కొనుక్కోవడం లోకరీతి. ఈయన మాత్రం అదే బండిని నలభై ఏళ్లకు పైగా విప్పుతూ, బిగిస్తూ, మారుస్తూ పోయాడు. పాత డబ్బాల్లో లోహం పోసి పిస్టన్లు పోతపోసుకున్నాడు. కొలతలకు పాత చక్రపు పుల్లను వాడాడు. 1967 ఆగస్టులో, 68 ఏళ్ల వయసులో, అమెరికాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో ఆ బండి మీద గంటకు 183 మైళ్లు దాటి తన తరగతిలో రికార్డు పెట్టాడు. అప్పటికి ఇంజను 950 సీసీకి పెరిగింది.

ఈ కథ మీద 2005లో ఆంథొనీ హాప్‌కిన్స్‌తో సినిమా వచ్చింది, చాలామందికి తెలుసు. నాకు మాత్రం బండికన్నా మన్రో షెడ్డులోని ఒక అర మీదే ఎక్కువ ఆసక్తి. పగిలిన పిస్టన్లు, విరిగిన రాడ్లు, మాడిపోయిన భాగాలు ఏవీ పారేయకుండా ఆ అర మీద పేర్చి, పైన ‘వేగదేవుడికి నైవేద్యాలు’ అన్న అర్థం వచ్చే రాత రాసుకున్నాడు. చూసినవాళ్లు నవ్వుకుంటారు. కానీ ఆలోచించండి. ఆ ముక్కలు అట్టపెట్టెలో మూలన పడిలేవు. రోజూ పనిచేసే చోట, తలెత్తితే కనబడే ఎత్తులో ఉన్నాయి. కొత్త పిస్టన్ పోయబోయే మనిషికి పోయినసారి ఎక్కడ పగిలిందో ఎదురుగా కనబడుతుంది. పాత పనీ కొత్త పనీ ఒకే గదిలో కాపురం చేస్తున్నాయన్నమాట.

మన పాత రాతలకు ఆ భాగ్యం ఉందా?

రాతలు అంటే కథలూ కవితలూ అనే అనుకోవద్దు. టీచరు రాసుకున్న పాఠాల నోట్సు, వైద్యుడు దాచుకున్న కేసుల వివరాలు, ఇల్లు కట్టించినప్పుడు రాసిన లెక్కల పుస్తకం, అమ్మ చెబితే రాసుకున్న పచ్చళ్ల కొలతలు, ఊరి చరిత్ర మీద ఎప్పుడో పత్రికకు పంపిన వ్యాసం, వీసా తిప్పలు పడ్డాక నలుగురికీ పనికొస్తుందని రాసి వాట్సాప్‌లో తోసేసిన నాలుగు పేజీలు. పదేళ్లుగా ఏదో ఒకటి రాసుకునే అలవాటున్న ప్రతి మనిషి దగ్గరా ఒక చిన్న గ్రంథాలయమంత సరుకు ఉంటుంది. అందులో ముప్పాతిక భాగం ఎక్కడుందో ఆ మనిషికే తెలియదు. అవసరం వచ్చినప్పుడు మళ్లీ మొదటి నుంచి రాస్తాడు. పోయినసారి పడిన తిప్పలే మళ్లీ పడతాడు.

వయసు మీరినందువల్ల రాత చావదు. దాని దగ్గరికి వెళ్లే దారి మూసుకుపోతే చస్తుంది. దారి ఉంచితే వందేళ్ల రాత కూడా లేచి కూర్చుంటుంది.

దీనికి అన్నమయ్యను మించిన సాక్ష్యం మనకు లేదు. ఆయన 32 వేల సంకీర్తనలు చెప్పాడని మనవడు చిన్నన్న తన ద్విపద కావ్యంలో రాశాడు. కొడుకు పెద తిరుమలాచార్యుల కాలంలో పాటల్ని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలోనే ఒక అరలో భద్రపరిచారు. తాటాకు అయితే చెదలు తినేవి, నానిపోయేది. రాగి కాబట్టి చెక్కుచెదరలేదు. భద్రత విషయంలో ఇంతకన్నా ఎవరు ఏం చేయగలరు? అయినా వందల ఏళ్లు ఆ అర ముందు నుంచి లక్షలమంది భక్తులు నడిచి వెళ్లిపోయారు, లోపల ఏముందో లోకానికి పట్టలేదు. ఇరవయ్యో శతాబ్ది మొదటి సగంలో ఆ రేకులు వెలుగు చూశాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివాళ్లు కూర్చుని చదివి, ఎత్తిరాసి, పరిష్కరించి అచ్చుకు ఎక్కించారు. మనకు దక్కినవి 14 వేల దాకా.

అక్కడితో అయిపోయిందా అంటే లేదు. రేకుల మీద పాటకు రాగం పేరు ఉంది కానీ స్వరం లేదు. అచ్చయిన పుస్తకం కూడా మరో అరలోకి వెళ్లిపోవాల్సిందే. రాళ్లపల్లి, నేదునూరి కృష్ణమూర్తి, బాలకృష్ణప్రసాద్ వంటి సంగీతజ్ఞులు వరసలు కట్టి పాడారు కాబట్టి ఈ రోజు అన్నమయ్య పాట పెళ్లిళ్లలో, కచేరీల్లో, చంటిపిల్లల ఉయ్యాల దగ్గర వినబడుతోంది.

ఇక్కడ ఒక్కసారి ఆగి, జరిగిన పనులు విడదీసి చూడండి. దాచడం ఒక పని, అది రాగి చేసింది. లోపల ఇంత ఉందని చెప్పే మాట మరో పని, అది చిన్నన్న చేశాడు. చదవగలిగేలా ఎత్తిరాయడం ఇంకో పని. ఇప్పటి గొంతుకు అందేలా స్వరం కట్టడం వేరే పని. మనలో చాలామంది మొదటి పనితో చేతులు దులుపుకుంటాం. హార్డ్‌డిస్క్‌లో ఉంది కదా, క్లౌడ్‌లో ఉంది కదా అంటాం. ఉంది నిజమే. రాగిరేకులూ ఉన్నాయి.

సరే, ఏం చేయాలి?

ముందు పేర్లతో మొదలుపెట్టండి, ఎందుకంటే నష్టంలో ఎక్కువ భాగం అక్కడే జరుగుతోంది. మీ కంప్యూటరు తెరిచి చూడండి. ‘కొత్తది’, ‘కొత్తది 2’, ‘ఫైనల్’, ‘ఫైనల్ అసలుది’ అనే ఫైళ్లు కనబడకపోతే మీరు పుణ్యాత్ములు. రాసిన రోజున ‘ఫైనల్’ అంటే ఏమిటో మీకు తెలుసు. మూడేళ్ల తర్వాత వెతికే మనిషికి తెలియదు, ఆ మనిషి మీరే అయినా సరే. వెతికేవాడి నోట్లో ఏ మాట ఉంటుందో ఆ మాట పేరులో ఉండాలి. ‘మనసు పలికిన వేళ’ అని పెట్టారనుకోండి, చెవికి బాగుంటుంది. లోపల ఉన్నది అమ్మ మోకాళ్ల ఆపరేషన్ అనుభవం అయితే, రేపు నాన్నకు అదే ఆపరేషన్ అవసరమైనప్పుడు మీరు ‘మోకాలు’ అని వెతుకుతారు, ‘మనసు’ అని వెతకరు. ముద్దుపేరు లోపల ఉపశీర్షికగా పెట్టుకోండి, కాదనను. బయటి పేరు మాత్రం ‘అమ్మ మోకాళ్ల ఆపరేషన్, ఖర్చు, కోలుకున్న తీరు’ అని ఉండాలి. పక్కన సంవత్సరం వేయండి.

తెలుగులో వెతకడానికి ఇంకో చిక్కు ఉంది. ఒకే ఊరిని ఒకరు ఇన్వర్‌కార్గిల్ అంటారు, ఇంకొకరు ఇన్వెర్‌కార్గిల్ అంటారు. నెయ్యి, నేయి. టమాటా, టమోటా, రామ్ములక్కాయ. కంప్యూటరుకు ఇవన్నీ వేరువేరు మాటలు. అందుకని రాత పైన ఒక వాక్యం అదనంగా రాసుకోండి. ఇది దేని గురించి, ఎవరికి పనికొస్తుంది, జనం దీన్ని ఏయే పేర్లతో పిలుస్తారు అన్నది ఆ ఒక్క వాక్యంలో రావాలి. రెండు నిమిషాల పని. నోటుపుస్తకంలో రాసేవాళ్లయితే మొదటి రెండు పేజీలు ఖాళీగా వదిలి విషయసూచికకు ఉంచండి. పేజీలకు అంకెలు వేయండి. అంకెలు లేని నోటుపుస్తకానికి విషయసూచిక రాయడం ఎవరి తరమూ కాదు.

వెతకడానికి వీలైతే పాత కాగితం ఎంత పనికొస్తుందో చూడాలంటే ఇక్కడి పత్రికల సంగతి చెప్పాలి. ఇన్వర్‌కార్గిల్‌లో 1862లో మొదలైన పత్రిక సౌత్‌లాండ్ టైమ్స్. న్యూజిలాండ్ జాతీయ గ్రంథాలయం పాత పత్రికల్ని స్కాన్ చేసి ‘పేపర్స్ పాస్ట్’ పేరుతో 2001 నుంచి ఉచితంగా అందిస్తోంది. వాటిలో ఇదీ ఉంది. ఒక మాట కొడితే చాలు, ఏనాటి గొర్రెల సంత ధరో, ఏ ఓడ బ్లఫ్ రేవుకు ఏ వారం వచ్చిందో తెరమీదికి వస్తుంది. ఆ కాగితాలు అంతకుముందు లేకపోలేదు. కట్టలు కట్టి ఉన్నాయి. కట్ట విప్పి మాటమాటకీ దారి వేశాక పక్కింటి పదో తరగతి పిల్ల కూడా వాటిని వాడుకోగలుగుతోంది. మన దగ్గరా ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికల్ని స్కాన్ చేయించి పెట్టింది, అది గొప్ప ఉపకారం. అయితే బొమ్మగా చూడటం వేరు, మాట కొట్టి వెతకడం వేరు. తేదీ తెలిసినవాడికే మొదటిది పనికొస్తుంది.

ఇక కలపడం. ఇది పేర్లకన్నా కష్టం, ఫలితం కూడా అంతకంత. జర్మనీలో నిక్లాస్ లూమన్ అనే సామాజికశాస్త్రవేత్త ఉండేవాడు. జీవితకాలంలో 90 వేల దాకా చీటీలు రాశాడు. ప్రతి చీటీకీ ఒక సంఖ్య. కొత్త చీటీ రాసినప్పుడల్లా అది ఏ పాత చీటీకి చుట్టమో చూసి ఆ సంఖ్య ఇందులో వేసేవాడు. డజన్లకొద్దీ పుస్తకాలు, వందలకొద్దీ వ్యాసాలు ఆ పెట్టెల్లోంచే వచ్చాయి. ఆయన పద్ధతి మీద ఇప్పుడు బోలెడన్ని యాప్‌లు ఉన్నాయి, జనం ఆ యాప్‌లు ఎంచుకోవడంలోనే ఏడాది గడిపేస్తున్నారు. నా మాట వినండి, యాప్ సంగతి వదిలేయండి. అలవాటు ఒక్కటి తీసుకోండి.

ఆ అలవాటు ఏమిటంటే, కొత్తది రాసి ముగించిన రోజునే, కలం మూయకముందే, పాతవాటిలో దీనికి దగ్గరిది ఒకటి వెతికి ‘ఫలానా సంవత్సరం ఫలానా రాత చూడు’ అని కింద రాయండి. తర్వాత ఆ పాతదాన్ని తెరిచి, దాని కింద కొత్తదాని జాడ రాయండి. రెండో సగమే అందరూ ఎగ్గొట్టేది. కొత్తదాంట్లో పాతదాని పేరు రాయడం సులువు, ఎందుకంటే కొత్తది చేతిలోనే ఉంది. పాతదాన్ని తెరిచి అందులో రాయడానికి బద్ధకం. కానీ వచ్చే మనిషి ఏ గుమ్మంలోంచి వస్తాడో మనకు తెలియదు కదా. పాతదాని దగ్గరికి ముందు వచ్చినవాడు అక్కడే ఆగిపోయి, మీరు ఆ తర్వాత తెలుసుకున్నది తెలియకుండానే వెళ్లిపోతాడు.

దగ్గరిది అంటే ఒకే విషయం మీద ఉన్నదే అవ్వాలని లేదు. దారులు వేసేటప్పుడు ‘దీనికి కారణం అక్కడుంది’, ‘దీన్ని కాదనే మాట అక్కడుంది’, ‘ఇదే మనిషి అక్కడా వస్తాడు’ అని ఎందుకు కలుపుతున్నారో మూడు మాటలు రాయండి. ఉత్త పేర్ల జాబితా వేస్తే పెళ్లి శుభలేఖ వెనక బంధువుల పేర్లలా ఉంటుంది, ఎవరూ చదవరు.

మా ఇంటి నోటుపుస్తకంలోంచి ఒక పేజీ చూపిస్తాను. మా పెద్దత్త చెబుతుంటే రాసిన ఆవకాయ కొలత అది. సోల కారం, సోల ఆవపిండి, ముప్పావు సోల ఉప్పు, నువ్వుల నూనె ముక్క మునిగేదాకా. మన వైపు అత్తిలిలో ఆ పేజీకి తిరుగులేదు. ఇన్వర్‌కార్గిల్‌కు వచ్చాక ఆ పేజీ చదివితే మొదటి మాట దగ్గరే ఆగిపోతాం. సోల లేదు. పుల్లమామిడికాయ మన ఎండల్లో దొరికినట్టు ఇక్కడి చలిలో ఎక్కడ దొరుకుతుంది? ఫోన్ చేస్తే, “కాయ లేకపోతే పుల్లగా ఉండే ఏ పండైనా కొయ్యవే, ఆవఘాటు తగిలితే చాలదూ!” అంది పెద్దత్త. గ్రానీ స్మిత్ యాపిల్‌తో పెట్టాం. బాగానే కుదిరింది, కానీ యాపిల్ ముక్క నీరు వదులుతుంది, ఏడాదంతా నిలవ ఉండదు.

ఇప్పుడు ఆ పేజీని ఏం చేయాలి? కొట్టేసి కొత్తగా రాయాలా? మేం పై రాతను ముట్టుకోలేదు. అది పెద్దత్త మాట, ఆ ‘సోల’ అలాగే ఉండాలి. కింద గీత గీసి, తేదీ వేసి రాశాం. యాపిల్‌తో పెడితే ఉప్పు మరీ తగ్గించొద్దు, తడి లేకుండా తుడవాలి, ఫ్రిజ్‌లో పెట్టి రెండు వారాల్లో తినేయాలి. దాని పక్కన ‘నిమ్మకాయ పేజీ చూడు’ అని ఇంకో మాట, ఎందుకంటే నిలవ ఉండే పచ్చడి కావాలంటే ఇక్కడ నిమ్మకాయే దిక్కు. ఒక పేజీ, మూడు పొరలు. అత్తిలిలో చదివే పిల్లకూ పనికొస్తుంది, ఇక్కడ చదివే పిల్లకూ పనికొస్తుంది.

ఏ రాతనైనా ఇప్పటికి పనికొచ్చేలా ఉంచడానికి ఆ పేజీయే పద్ధతి. అసలు మాట ఉంచాలి, కింద తేదీతో కొత్త మాట చేర్చాలి. పాత రాతలో ‘ఇప్పుడు’, ‘ఈమధ్య’, ‘పోయిన ఏడాది’ అని ఉంటే ఆ సంవత్సరం వేసేయండి. ‘ఇప్పుడు బంగారం ధర’ అన్న వాక్యం మర్నాటికే అబద్ధం. ఉగాది మీద ఎప్పుడో రాసిన వ్యాసంలో కోయిల, మామిడి చిగురు, వసంతం ఉంటాయి. ఇక్కడ ఉగాదికి ఆకులు రాలుతుంటాయి, అది శరదృతువు. ఇక్కడి పిల్లలకు ఆ వ్యాసం చదివి వినిపించాలంటే ఈ సంగతి ఒక్క వాక్యం చేర్చాలి. చేరిస్తే వాళ్లకు పండగతో పాటు భూగోళం కూడా అర్థమవుతుంది. చేర్చకపోతే మన మాట మీద నమ్మకం పోతుంది.

పెద్దవాళ్లూ పాత పనిని అక్కడితో వదిలేయలేదు. గురజాడ కన్యాశుల్కం 1892లో ఆడించారు, 1897లో అచ్చు వేశారు. పేరు వచ్చింది. అక్కడితో ఊరుకోవచ్చు. 1909లో రెండో కూర్పు తెచ్చేటప్పటికి దాన్ని దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు, ఎంతో పెంచారు. మనం ఇవాళ ఎక్కువగా చదివేది, ఆడేది ఆ రెండోదాన్నే. మొదటి కూర్పును తర్వాతెప్పుడో పరిశోధకుడు బంగోరె వెతికి పట్టుకుని మళ్లీ అచ్చు వేయబట్టి రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసే అవకాశం మనకు దక్కింది. బ్రౌన్ దొర వేమన పద్యాలు 1829లో వేసినప్పుడు 693. పదేళ్లకు, 1839లో మళ్లీ వేసినప్పుడు 1164. ఒకసారి అచ్చయింది కదా, పని అయిపోయిందని ఇద్దరూ అనుకోలేదు.

తిరగరాయడానికీ దిద్దుకోవడానికీ తేడా తెలిసి ఉండాలి. నాటకం, పాఠం, వంట కొలత, సలహా వ్యాసం తిరగరాయవచ్చు, పాత ప్రతి ఉంచుకుని. డైరీని తిరగరాయకూడదు. ఒకరు పోయినప్పుడు రాసిన నివాళిని తిరగరాయకూడదు. కోపంలో రాసిన ఉత్తరాన్ని ఇప్పటి మంచితనంతో మెత్తబరచకూడదు. అవి ఆ రోజుకు సాక్ష్యాలు. కావాలంటే కింద ‘ఇప్పుడు నా అభిప్రాయం ఇది’ అని రాసుకోండి. గుట్టుచప్పుడు కాకుండా పాత వాక్యం మార్చేసి ‘నేను అప్పుడే చెప్పాను’ అనే పెద్దమనుషుల్ని మనం ఊరూరా చూస్తూనే ఉన్నాం, ఆ జాబితాలో చేరవద్దు.

తప్పు దొరికితే మాత్రం ఎన్నేళ్లయినా దిద్దాల్సిందే. ఆ మాటకొస్తే మన్రో రికార్డే సాక్షి. ఉప్పు మైదానంలో రికార్డు లెక్కకు ఒక నియమం ఉంది. బండి ఒక వైపు వెళ్లి, మళ్లీ ఎదురు వైపు రావాలి, రెండు వేగాల సగటే రికార్డు, గాలివాటం కలిసిరాకుండా. 1967లో ఆయన పేర అమెరికన్ మోటార్‌సైకిల్ సంఘం పుస్తకాల్లో 183.586 మైళ్లు అని ఎక్కింది. ఆయన 1978లో పోయాడు. 2014లో కొడుకు జాన్ ఆ సగటు లెక్క తప్పని గమనించాడు, సంఘం సరిచూసి 184.087గా దిద్దింది. నలభై ఏడేళ్ల తర్వాత, మనిషి పోయిన ముప్పై ఆరేళ్ల తర్వాత, అర మైలు పెరిగింది. ఉత్త సగటు అంకె ఒక్కటే రాసి పెట్టి, రెండు వైపుల వేగాలూ ఎవరి దగ్గరా మిగలకపోతే ఈ దిద్దుబాటు సాధ్యమయ్యేదా? మీరు ఏ అంకె రాసుకున్నా అది ఎక్కడి నుంచి వచ్చిందో పక్కన రాయండి. మీ తర్వాతివాళ్లకు దిద్దే వీలు ఉంచండి.

అన్నీ దాచమని నేను చెప్పడం లేదు. ఒకే విషయం మీద ఐదు సార్లు రాసి ఉంటారు, అందులో ఒకటి బాగుంటుంది, మిగతా నాలుగింట్లో ఒక్కో మంచి వాక్యం ఉంటుంది. ఆ వాక్యాలు తెచ్చి ఒకదాంట్లో చేర్చి నాలుగింటినీ తీసేయండి. గడువు తీరిన రైల్వే నియమాలు, మూతపడ్డ బ్యాంకు శాఖ వేళలు, ఎవరో పంపితే దాచిన శుభోదయాలు నిర్దాక్షిణ్యంగా పోనివ్వండి. చెత్త మధ్యలో మంచిది కనబడదు. అయితే ‘ఇది పాతది’ అన్న ఒక్క కారణంతో ఏదీ తీసేయకండి. ఈ ఊరి మ్యూజియంలో హెన్రీ అని ఒక టువాటరా ఉండేది, బల్లి జాతిలా కనబడే ప్రాచీన ప్రాణి. దానికి ఇక పిల్లలు పుట్టవని అందరూ ఆశ వదులుకున్నారు. 2009లో, సుమారు 111 ఏళ్ల వయసులో, తండ్రి అయింది. ఒకటి కాదు, పదకొండు పిల్లలు. ఏ రాతకు ఎప్పుడు కాలం కలిసివస్తుందో చెప్పలేం.

ఇదంతా ఎప్పుడు చేయాలి అంటారా? రోజూ అక్కర్లేదు. రోజూ చేస్తే కొత్తది రాయడం మానేస్తారు, అదీ ఒక జబ్బే. కొందరు నోట్సు సర్దడమే పనిగా పెట్టుకుని ఒక్క పేజీ రాయకుండా బతుకుతున్నారు. ఏడాదికి రెండు పూటలు చాలు. ఇక్కడ సెప్టెంబరు చివరి ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుతారు, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. గడియారం తిప్పిన పూటే పాత పెట్టె తెరవడం మా ఇంట్లో పద్ధతి. మీకు దసరా, ఉగాది ఉన్నాయి. దసరాకు పనిముట్లు తుడిచి బొట్టు పెడతాం, పుస్తకాలు పూజలో పెడతాం. పూజలో పెట్టిన పుస్తకాన్ని మర్నాడు తెరవడం శాస్త్రమే కదా. ఆ రోజు కొత్త పుస్తకం బదులు మీ పాత నోట్సు తెరవండి. ఓ పది రాతలు చాలు. చదవండి. పేరు సరిగా ఉందా, సంవత్సరం ఉందా, దీని చుట్టాలు ఎవరు, ఇప్పటికి నిజమేనా? జవాబులు అక్కడికక్కడే రాసేయండి, ‘తర్వాత చూద్దాం’ అని ఇంకో జాబితా తయారు చేయకండి.

ఇలా తిరిగి చూడటంలో కొత్త పని పుట్టిన సందర్భాలు లెక్కలేనన్ని. మన్రో మీద సినిమా తీసిన రోజర్ డొనాల్డ్‌సన్ 1971లోనే ఆయన మీద ఒక డాక్యుమెంటరీ తీశాడు. షెడ్డులోని ఆ అర మీది రాతనే దానికి పేరుగా పెట్టాడు. చిన్న సినిమా. వేరే దర్శకుడైతే దాన్ని పాత ఉద్యోగంలా మర్చిపోయేవాడు. ఆయన ముప్పై నాలుగేళ్లు ఆ మనిషిని మనసులోంచి జారిపోనివ్వలేదు, 2005లో పెద్ద సినిమాగా తెచ్చాడు. అది వచ్చిన మరుసటి ఏడాది నుంచి ఇక్కడ మన్రో పేరుతో మోటార్‌సైకిల్ పందాలు జరుగుతున్నాయి, వాటికోసం ఊరంతా హోటళ్లు నిండిపోతాయి. మొదటి రీలు ఎక్కడో పడి ఉంటే ఈ గొలుసులో ఒక్క కొక్కెం కూడా పడేది కాదు.

ఆఖరి సంగతి, చాలామంది వాయిదా వేసేది. మీ తర్వాత ఎవరు? 1977లో పక్షవాతం వచ్చాక మన్రో తన బళ్లను ఊరికి దూరంగా పోనివ్వకుండా ఇక్కడి హేస్ కుటుంబానికే అమ్మాడు, సౌత్‌లాండ్‌లోనే ఉండాలని. కొనేవాడి డబ్బుతో పాటు ఆ బళ్లు ఎవరి కళ్ల ముందు ఉంటాయో కూడా చూశాడు. మీ నోటుపుస్తకాలు, ఫైళ్లు ఎవరికి అక్కరకొస్తాయో ఇంట్లోవాళ్లతో ఒకసారి కూర్చుని మాట్లాడండి. తెలుగు చదవలేని మనవరాలు ఉంటే, ఆ పిల్లకు అర్థమయ్యే భాషలో ఒక పేజీ రాసిపెట్టండి: ఏ పెట్టెలో ఏముంది, తాళం ఎక్కడ, ఫోన్ తెరిచే అంకెలు ఏవి, ఏది అచ్చుకు పంపవచ్చు, ఏది ఇంట్లోనే ఉండాలి, ఏది చదవకుండా చించేయాలి. ఆ పేజీకి కూడా తేదీ వేయండి, వచ్చే దసరాకు మళ్లీ తెరిచి సరిచూడాల్సిన వాటిలో అదే మొదటిది.